జీపెక్కిన మగ్గం

నా మనవడు కొత్త బండి చూపిస్తానని నన్ను సూరత్ బయట కామ్‌రేజ్ దాకా తీసుకుపోయాడు. కొత్తది అన్నాడు గానీ అది కొత్తది కాదు. హైవే పక్కన ఒక రేకుల షెడ్డులో పాత జీపును నిలబెట్టి, దానికి వేరే బండి చక్రాలు, ఇంకో బండి సీట్లు, మరో బండి పొగగొట్టం తగిలించారు. ముందు భాగం వంగి, వెనక భాగం లేచి, తల వంచి పొడవబోయే పొట్టేలులా ఉంది. వాడు తాళం తిప్పగానే షెడ్డు రేకులన్నీ అదిరాయి.

"ఎట్లున్నది దాదీ? అంతా కస్టమ్. గిసోంటిది సూరత్ల ఇప్పటిదాంక ఎవ్వడు చెయ్యలే."

"చేసిండు," అన్నాను.

"ఎవరు?"

"మా చిన్నాయిన. దాని మీద మగ్గం గూడ ఉండె."

వాడు నవ్వాడు. ముసలిదాని మాట అనుకున్నాడు కాబోలు. వాడి కోసమే ఇది రాస్తున్నాను. ఏ సంవత్సరమో, ఏ వారమో నాకు బాగా గుర్తుంది. రాయను. రాస్తే ఇంట్లో అందరూ కూర్చుని లెక్కవేసి నా వయసు తేలుస్తారు.

మా ఇల్లు మరమగ్గాల ఖాతా వెనక ఉండేది. ఖాతా అంటే మగ్గాలు నడిచే షెడ్డు. సూరత్‌కు వచ్చిన కొత్తలోనే మా వాళ్ళందరి నోటికీ ఆ మాట ఎక్కింది. రాత్రీ పగలూ ఒకటే చప్పుడు. వారంలో ఒకరోజు కరెంటు ఆపేవారు, ఆ రోజు ఖాతా బంద్. ఆ నిశ్శబ్దానికి ఉయ్యాలల్లో చంటిపిల్లలు ఉలిక్కిపడి లేచి ఏడ్చేవారు. గోడలకు మిషన్ నూనె వాసన, వాన పడితే గోనెసంచుల్లోని నూలు చెత్త తడిసిన వాసన. వాటన్నిటినీ దాటుకుని మేము బాపమ్మ అని పిలిచే నాయనమ్మ పెనం మీద సర్వపిండి కాలుతుంటే వెల్లుల్లి, నువ్వుల వాసన వీధి మలుపు దాకా వచ్చేది. బాపు, అంటే మా నాయన, మగ్గాలు నడిపేవాడు. ఆయన తమ్ముడు, మా చిన్నాయిన, చెడిపోయిన మగ్గాలను బాగుచేసేవాడు.

తాతకు మాత్రం సూరత్‌లో పని లేదు. మా సొంతూళ్ళో గుంట మగ్గం మీద నూలు బట్ట నేసిన మనిషి ఆయన. వచ్చిన మొదటి వారం ఖాతాలోకి పోయి, తనంతట తానే చీర నేస్తున్న మరమగ్గం ముందు చాలాసేపు నిలబడి, "దీని ముంగట మనిషెందుకు?" అని అడిగి బయటికి వచ్చేశాడు. మళ్ళీ లోపలికి అడుగు పెట్టలేదు. పొద్దస్తమానం గడప మీద కూర్చుని, దారిన పోయేవాళ్ళను ఆపి, వాళ్ళ చొక్కా బట్టలో నేత ఎక్కడ తప్పిందో చెప్పేవాడు. ఎవరూ అడగకుండానే చెప్పేవాడు. కొందరు మా ఇంటి ముందు రాకుండా చుట్టుదారిన పోవడం నాకు తెలుసు.

ఏడాదిలో ఒక్కరోజు ఆయన మళ్ళీ నేతగాడయ్యేవాడు. నూలు పున్నమినాడు, ఇక్కడివాళ్ళు రాఖీలు కట్టుకునే రోజున, మా వాళ్ళు మార్కండేయ స్వామిని ఊరేగిస్తారు. ఆ ఊరేగింపులో ఒక బండి మీద మగ్గం ఉంటుంది. బండి కదిలాక నేత మొదలుపెట్టి, గుడి చేరేలోగా ఎర్రంచు పంచె పూర్తి చెయ్యాలి. మగ్గం మీంచి కోసిన పంచెను కోసినట్టే స్వామికి కడతారు. బండి గుడి ముందు నిలిచిందంటే నేత ముగిసినట్టే, ఆ తరువాత ఒక్క పోగు కూడా వెయ్యకూడదు. నిలువు పోగుల పడుగు మీద పంచె ముగిసే చోట బాపమ్మ ఎర్రదారంతో గుర్తు కట్టేది. ఆ గుర్తు దాకా నేత రావాలి.

మగ్గాన్ని ఎప్పుడూ ఎడ్లబండి మీద ఎక్కించేవారు. ఎడ్ల ఆసామి ఎడ్లను అమ్మేసి ఊరికి పోయాక, కమిటీవాళ్ళు ఒక కిరాయి టెంపో తెచ్చారు. అది కదిలిన దగ్గరనుంచీ పోగులు తెగడమే. సగం దారిలో ఇంజను ఆగిపోయింది. వెనక బస్సులు నిలిచిపోయి, పోలీసాయన వచ్చి, స్వామి వారిని కూడా కలిపి అందరినీ తిట్టాడు. చివరికి బజారులో కొన్న పంచె కట్టారు. తాత ఆ రోజు అన్నం ముట్టలేదు.

మరుసటి ఏడు వానలు మొదలైన కొత్తలో కమిటీ పెద్దమనిషి మా ఇంటికి వచ్చాడు. మంచివాడే. చెప్పాల్సిన మాట చెప్పలేక చాయ్ రెండుసార్లు తాగాడు.

"పెద్దయ్యా, ఈసారి మగ్గం వద్దనుకుంటున్నం. లారీ మీద బ్యాండు పెడ్తం. పంచె కొంటం. ఏ పంచెయినా పంచెనే గద."

తాత తన చేతులు తానే చూసుకున్నాడు. లోపలినుంచి చిన్నాయిన చేతికి నూనె మరకలతో వచ్చి, "బండి నేను జేస్త," అన్నాడు.

"ఏం బండిరా?"

"అదరని బండి. ఆగని బండి."

"ఆగితే?"

"ఆగితే మగ్గం బంద్ జెయ్యుండ్రి. మళ్ల మేము అడుగం."

పెద్దమనిషి ఆ మాట పట్టుకున్నాడు. దారిలో బండి ఎక్కడా ఆగకూడదు. గుడి చేరేలోగా పంచె పూర్తి కావాలి. రెండింటిలో ఏది తప్పినా ఇక ముందు ఊరేగింపులో మగ్గం ఉండదు. అందరి ముందూ ఖాయం చేసుకుని ఆయన వెళ్ళిపోయాడు.

"నోరు నీది, పరువు మీ నాయినది," అంది బాపమ్మ చిన్నాయినతో. అయినా ఆ పూట ఆయన కంచంలో సర్వపిండి పెద్ద ముక్కే వేసింది.

హైవే మీద గుద్దుకున్న బండ్లన్నీ చివరికి చేరే భంగార్ దుకాణం ఒకటి కామ్‌రేజ్ దారిలో ఉండేది. దాని యజమాని గుజరాతీ ఆయన. అందరికీ కాకా. విరిగిన బస్సు సీటు మీద కూర్చుని, ఒళ్ళో కాగితం పరుచుకుని శనగపిండి గాఠియాలు, వేయించిన మిరపకాయలు తింటూ ఉండేవాడు. ఏది అడిగినా ఆయన జవాబు ఒక్కటే: "చాల్‌సే." అంటే నడుస్తుంది, సరిపోతుంది అని. టేపు రెండో కొస పట్టుకోవడానికి చిన్నాయిన నన్ను వెంట తీసుకుపోయేవాడు. గాఠియాల కోసం నేను పిలవకముందే తయారయ్యేదాన్ని.

అక్కడ ఒక జీపు దొరికింది. దాని ముందు భాగం లారీ కింద పోయింది, వెనక భాగం నిక్షేపంలా ఉంది.

"కాకా, దీనికి టాక్సీ ముందు చక్రాలు పడతాయా?" చిన్నాయిన హిందీలో అడిగాడు.

"చాల్‌సే."

"టెంపో ఇంజను?"

"చాల్‌సే."

"లారీ స్టీరింగు?"

కాకా మిరపకాయ కొరికి, ఆలోచించి, "దేవుడి బండి కదా, ఎలాగైనా చాల్‌సే," అన్నాడు. సామానంతా వాడుకొమ్మని, అక్కర తీరాక తిరిగి తెచ్చి పడెయ్యమని చెప్పాడు. అట్లా పాత ఇనుమును ఎరువిచ్చిన వ్యాపారిని నేను మళ్ళీ చూడలేదు.

ఖాతా వెనక ఖాళీ జాగాలో, బంద్ రోజుల్లో, తార్పాలిన్ కింద ఆ బండి తయారైంది. మా తమ్ముడు ఇప్పటికీ అది ఏనుగంత ఉండేదని చెబుతాడు. అబద్ధం. రెండు మంచాలు పక్కపక్కన వేస్తే ఎంతో అంత. జీపు వెనక భాగానికి టాక్సీ ముందు భాగాన్ని గ్యాస్ వెల్డింగుతో అతికించారు. ముందు చక్రాలు చిన్నవి, వెనక చక్రాలు పెద్దవి కావడంతో బండి ముందుకు వాలి ఉండేది. సీటు ట్రాక్టరుది, ఇనుపది, వాన నీళ్ళు పోవడానికి చిల్లులున్నది. స్టీరింగు పెళ్ళి గంగాళం మూత అంత. ఒక లైటు స్కూటరుది, ఇంకోటి బస్సుది. పెద్దది కొంచెం పక్కకు తిరిగి ఉండేది.

"అన్నా, నీ బండి మెల్లకన్నుతోని నన్నే చూస్తున్నదే," అంది అత్త. ఆమె చిన్నాయిన చెల్లెలు. ఇంకా పెళ్ళి కాలేదు. ఆమె నోటికి గల్లీలో ఎవరూ ఎదురు రారు.

"నిన్ను మెల్లకన్నోడే చూడాలె. సక్కగ చూసినోడు పారిపోతడు."

ఆమె చేతిలో ఉన్న పిండి ముద్ద ఆయన వీపుకు తగిలింది. ఆ మచ్చతోనే ఆయన సాయంత్రం దాకా పనిచేశాడు.

గుంట మగ్గానికి గుంట కావాలి కదా. నేసేవాడి కాళ్ళు కిందికి వేలాడాలి. జీపు నేల రేకును పలకలాగా కోసి గుంట చేశారు. దాని పక్కనుంచే ఇంజనునుంచి వెనక చక్రాలకు పోయే ఇనుప రాడ్డు తిరుగుతుంది. బాపమ్మ అది చూసి గుండె మీద చెయ్యి వేసుకుంది.

"ఆయన ధోతి గిండ్ల పడితే? మనిషిని గూడ దారం చుట్టినట్టు చుడ్తది!"

అత్త వంటింట్లోంచి నూనె డబ్బా తెచ్చింది. దాన్ని విప్పి ఆ రాడ్డు చుట్టూ తొడిగారు. బండి నడిచినంతసేపూ అందులోంచి వేరుశెనగ నూనె వాసన వచ్చేది.

అప్పటిదాకా అంతా బాగానే ఉంది. ఆ తరువాత చిన్నాయినకు తెలివి ఎక్కువైంది. మరమగ్గాల మిస్త్రీ కదా, చేత్తో నేయడమంటే ఆయన కంటికి ఆనలేదు. ఎవరికీ చెప్పకుండా సైకిల్ చైనుతో వెనక చక్రానికీ మగ్గానికీ లంకె పెట్టాడు. బండి నడిస్తే మగ్గం కూడా నడుస్తుంది. తాత ఊరికే కూర్చుంటే చాలు.

ఊరి చివర భేస్తాన్ వైపు రోడ్డు ఖాళీగా ఉండేది. అక్కడికి తీసుకుపోయి చూశాం. బండి మెల్లగా కదిలింది. మగ్గం పలక ముందుకు వచ్చి కొట్టింది, అడ్డపోగును మోసే నాడె ఈ పక్కనుంచి ఆ పక్కకు దూకింది. ఒక పోగు, ఇంకో పోగు. "చూసినవా నాయినా!" అని చిన్నాయిన అరిచాడు. అరుస్తూ కాలు గట్టిగా తొక్కాడు. బండి ఉరికింది. మగ్గం పూనకం వచ్చినదానిలా ఊగింది. నాడె మగ్గం దాటి, రోడ్డు దాటి, అవతల చాయ్ బండి వాడి పాలగిన్నెలో పడింది. చిన్నాయిన కంగారుపడి బండిని రివర్సులో వెనక్కి నడపబోయాడు. మగ్గం కూడా వెనక్కి తిరిగి, నేసిన కాస్త బట్టనూ చుట్టలు చుట్టేసింది.

తాత మగ్గం లోంచి నెమ్మదిగా దిగాడు. పాలగిన్నెలోంచి నాడె తీసి కండువాతో తుడిచాడు.

"నేను నేస్తున్ననారా, రోడ్డు నేస్తున్నదా?"

చిన్నాయిన తల గోక్కున్నాడు.

"ఎవరు నేసిండ్రు అని దేవుడడిగితే ఏం జెప్పాలె? వెనుక టైరు నేసింది స్వామీ అనాల్నా?"

అత్త రోడ్డు మీదే కూర్చుని కడుపు పట్టుకుని నవ్వింది. చాయ్ బండి వాడు కూడా తిట్టడం మానేసి నవ్వాడు. ఆ సాయంత్రమే చైను ఊడదీశారు.

ఇక అదురు. తాత చేత్తో నేసినా, ఇంజను నడిస్తే పోగులు పుటుక్కుమనేవి. చిన్నాయిన స్ప్రింగులు మార్చాడు, బోల్టులు బిగించాడు, వదులు చేశాడు. అదురు ఎంత ఉందో చూడటానికి అంచు దాకా మజ్జిగ పోసిన చెంబు నా ఒళ్ళో పెట్టి, బండిని జాగా చుట్టూ తిప్పేవాడు. మజ్జిగ ఒలికి నా గౌను తడిసేది. రెండు మూడు సార్లు అయ్యాక నాకు విసుగొచ్చి, బండి కదలగానే రెండు గుక్కలు తాగేశాను. తిరిగొచ్చాక చిన్నాయిన చెంబు చూసి గంతులేశాడు.

"చుక్క తొణకలే! అమ్మా, చుక్క తొణకలే!"

"జర దాని మూతి చూడు," అంది అత్త.

నా మజ్జిగ మీసాలు చూసి ఆయన గంతులు ఆగిపోయాయి. బాపమ్మ నన్ను కొట్టలేదు. చెంబు పక్కన పెట్టి, తానే బండి ఎక్కి మగ్గం దగ్గర కూర్చుంది. "తోలురా," అంది. ఒక చుట్టు తిరిగి నడుం పట్టుకుని దిగింది.

"నీ స్ప్రింగులు కాదు. నా నడుం అదిరినప్పుడు పోగు అదరదా? ఇనుము మీద కట్టె పెడ్తివి. బాలింతను ఉత్త నేల మీద పండబెట్టినట్టు. కింద మెత్తగ ఏదన్న ఎయ్యి."

ఖాతాలో బట్ట ముక్కల చిందీకి, నూలు చెత్తకు కొదవ లేదు. ఆమె గోనెసంచుల నిండా చిందీ కుక్కి కుట్టింది. వాటి కింద చిన్నాయిన సగం గాలి పట్టిన లారీ ట్యూబులు వేశాడు. మగ్గం నాలుగు కాళ్ళూ వాటి మీద నిలబెట్టి తాళ్ళతో బిగించారు. బండి ముందుకు వాలి ఉంటుంది కాబట్టి, ముందు వైపు సంచులు లావుగా కుట్టారు. మళ్ళీ మజ్జిగ చెంబు. ఈసారి అత్త నా నోటికి అడ్డంగా చెయ్యి పెట్టి కూర్చుంది. నిజంగానే తొణకలేదు.

చివరికి లెక్క వేశారు. అన్నిటికంటే తక్కువ గేరులో బండి మనిషి నడకతో సమానంగా పోయేది. ఆపేస్తే తప్ప అంతకంటే మెల్లగా పోదు. ఇంటి ముందు నిలిపిన బండి మీద తాత చేత నేయించి, పంచె పూర్తవడానికి ఎంతసేపు పడుతుందో చిన్నాయిన చూసుకున్నాడు. ఊరేగింపు దారి పొడవునా నడిచి ఎంతసేపో చూసుకున్నాడు. నేను బడిలో లెక్కల్లో మొదటిదాన్ని కాబట్టి సరిచూడమన్నాడు. సరిచూశాను. గుడి ఇంకా కొంత దూరం ఉండగానే పంచె అయిపోతుంది. అంకెల్లో తప్పేమీ లేదు, ఈనాటికీ అదే చెబుతాను.

పున్నమినాడు సన్నగా జల్లు పడుతోంది. బండికి మామిడాకులు కట్టారు, మెల్లకన్నుకు బొట్టు పెట్టారు. అందరూ వానను తిడుతుంటే తాత మాత్రం ఆకాశం చూసి నవ్వాడు. "తేమ ఉంటే నూలు తెగది," అన్నాడు. ధోతి ఎగగట్టి గుంటలో కాళ్ళు పెట్టి కూర్చుంటే ఆయన వీపు నిటారుగా నిలబడింది. గడప మీద కూర్చునే మనిషి వీపు అది కాదు. తెగిన పోగులు అతకడానికి సన్నని వేళ్ళు కావాలని నన్ను పడుగు పక్కన కూర్చోబెట్టారు. చిన్నాయిన ట్రాక్టరు సీటు ఎక్కాడు. బాపమ్మ, అత్త ఆడవాళ్ళతో కలిసి బండి పక్కన నడిచారు. ముందు బ్యాండు, దాని వెనక స్వామి పల్లకి, ఆ వెనక మేము.

బండి కదిలింది. పోగు తెగలేదు. ట్యూబుల మీద మగ్గం నీళ్ళ మీద పడవలా తేలుతోంది. తాత చెయ్యి తాడు లాగితే నాడె పోతుంది, వస్తుంది. పక్కన నడుస్తున్న కమిటీ పెద్దమనిషి ముఖంలోకి కూడా నెమ్మదిగా నవ్వు వచ్చింది.

మొదటి గల్లీ మలుపులో ఎవరో చేతులు జోడించారు. "పెద్దయ్యా, దండం!"

తాత నాడె ఆపాడు. రెండు చేతులూ జోడించాడు. "దండం బిడ్డా, సల్లగుండు." మళ్ళీ తాడు పట్టుకున్నాడు.

పక్క గుమ్మంలోంచి ఇంకొకరు. మళ్ళీ ఆపాడు. ఎదుటి అరుగు మీద ఇంటిల్లిపాదీ. ఆ ఇంట్లో ముసలమ్మకు ఒకటి, కొడుకుకు ఒకటి, చంకలో పిల్లకు ఒకటి. దారి పొడవునా మా వాళ్ళ ఇళ్ళే. ప్రతి గుమ్మంలోనూ మనుషులే. ఎడ్లబండి రోజుల్లో గుమ్మం గుమ్మానికీ ఆగేవాళ్ళం కాబట్టి ఎన్ని దండాలు పెట్టినా పంచెకు సమయం మిగిలేది. ఈ బండి ఆగదు. చిన్నాయిన లెక్కలో దారి ఉంది, గేరు ఉంది, తాత చెయ్యి ఉంది. దండాలు లేవు.

"తాతా," అన్నాను మెల్లగా, "దండం తర్వాత పెడుదువు. నెయ్యి."

"ఎదుటి మనిషి చేతులు జోడిస్తే నేను నాడె పట్టుకొని కూసోవాల్నానే?"

మళ్ళీ చేతులు జోడించాడు. గుడి జెండా కనబడే కూడలి దగ్గరికి వచ్చేసరికి ఎర్రదారం గుర్తు ఇంకా మూరెడుకు పైగా దూరంలో ఉంది. తాతకు తెలుసు. ఆయన చెయ్యి వేగం పెంచింది, మెడ నరాలు పైకి తేలాయి. ఆపమని మాత్రం కొడుకుతో అనలేదు. ఆగితే బండి ఓడిపోతుంది. ఆగకపోతే ఆయన ఓడిపోతాడు. నేను ఏడవడానికి సిద్ధంగా ఉన్నాను.

అందరూ బండినే చూస్తున్నారు. బాపమ్మ ఒక్కతే బట్టను చూస్తోంది. కొంగు నడుముకు చుట్టి రెండంగల్లో ట్రాక్టరు సీటు పక్కకు చేరింది.

"ఎడమకు తిప్పు."

"గుడి కుడి దిక్కున్నదే అమ్మా!"

"ఎక్కడున్నదో నాకు తెల్వదా? తిప్పు."

"ఆ గల్లీల ఏమున్నదే? మనోళ్లు ఒక్కరు లేరు."

"అందుకే. దండం పెట్టెటోళ్లు ఒక్కరు గూడ లేరు. తిప్పరా!"

చిన్నాయిన హారను కొట్టి, గంగాళం మూతంత స్టీరింగును రెండు చేతులా ఎడమకు తిప్పాడు. పల్లకి మోసేవాళ్ళు వెనక బండి హారను విని, తిరిగి చూసి, ఏదో మొక్కు అనుకుని, వాళ్ళూ ఎడమకే తిరిగారు. బ్యాండువాళ్ళు మాత్రం కళ్ళు మూసుకుని వాయిస్తూ కుడికి పోయారు. వాళ్ళొక్కరే గుడి దాకా పోయి, వెనక్కి చూసుకుని, దేవుడు లేడని తెలిసి నిలబడిపోయారట.

పెద్దమనిషి చెప్పులు చేత పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. "అమ్మా! దారి తప్పిండ్రు!"

"తప్పలే. బండి ఆగిందా?"

"ఆగలే గని..."

"మరి నడువు."

అది గుజరాతీల గల్లీ. అరుగుల మీద అక్కచెల్లెళ్ళు అన్నదమ్ములకు రాఖీలు కడుతున్నారు. వాళ్ళ గల్లీలోకి ఎప్పుడూ రాని పల్లకి, దాని వెనక మెల్లకన్ను బండి, దాని మీద గుంటలో కూర్చున్న ముసలాయన వచ్చేసరికి మిఠాయి ముక్కలు చేతుల్లోనే ఉండిపోయాయి. ఎవరూ చేతులు జోడించలేదు. ఎవరికీ ఆయన తెలియదు కదా. నోళ్ళు తెరిచి చూశారంతే. ఆ గల్లీలో మగ్గం చప్పుడు ఒక్కసారి కూడా ఆగలేదు.

"కోనా లగన్ ఛే?" అని ఒక ముసలామె అడిగింది. ఎవరి పెళ్ళి అని.

"లగన్ నహీ, మాసీ," అంది అత్త. "భగవాన్ కా కప్డా. చల్తా చల్తా బన్తా హై." పెళ్ళి కాదు, దేవుడి బట్ట, నడుస్తూ నడుస్తూ తయారవుతుంది అని.

ఆ ముసలామె పళ్ళెంతో అరుగు దిగింది. తాతకు రాఖీ కడతానంది. చేతులు ఖాళీ లేవని అత్త చెప్పింది. అయితే ఏం? ఆమె బండితో పాటు నడుస్తూ మగ్గం నిలువు కర్రకు రాఖీ కట్టింది. ముడి సరిగా పడక ఇంకో నాలుగు ఇళ్ళ దాకా నడిచింది. ఆమె కోడలు పళ్ళెం పట్టుకుని వెనక. ఆ పళ్ళెంలోని పాల పేడా ఒకటి నా నోట్లో పడింది. పోగు తెగితే అతకాల్సినదాన్ని, పేడా తింటూ కూర్చున్నాను. తెగలేదు కాబట్టి సరిపోయింది.

గల్లీ చివర మళ్ళీ పెద్ద రోడ్డు ఎక్కే చోట, నాడె ఎర్రదారం గుర్తును దాటింది. తాత ఇంకా రెండు పోగులు ఎక్కువే వేశాడు. తాడు వదిలేశాడు. రెండు చేతులూ పైకెత్తి, ఎవరూ పెట్టకుండానే, ఆ గల్లీ మొత్తానికీ తానే దండం పెట్టాడు.

చిన్నాయిన హారను మోగించాడు. బస్సుది, రబ్బరు బుడ్డి ఉన్నది. గుడి దాకా దాన్ని వదల్లేదు. పంచె కోసి స్వామికి కట్టినప్పుడు పెద్దమనిషి దాని అంచును వేళ్ళతో తడిమి, "ఎక్కడ గూడ అతుకు లేదు," అన్నాడు. తాత ఆయన చొక్కా కేసి చూసి, "నీ కాలరు కాడ ఉన్నది," అన్నాడు.

రాత్రి భోజనాల దగ్గర చిన్నాయిన, వచ్చే ఏటికి దండాలు కూడా లెక్కలో వేస్తానన్నాడు.

"మందిని గూడ గేరుల ఏస్తవారా?" అని తాత ఉడికించిన గుడాల గిన్నె తన ముందుకు లాక్కున్నాడు. అంత తిండి తినడం నేను ఎన్నడూ చూడలేదు.

ఆ బండి కొన్నేళ్ళు నడిచింది. తాత చేతులు వణకడం మొదలయ్యాక వేరేవాళ్ళు మగ్గం ఎక్కారు. తరువాత మంచి ట్రాలీ వచ్చింది. చిన్నాయిన బండిని విప్పి, మాటిచ్చినట్టే ముక్క ముక్కా కాకా దుకాణంలో అప్పగించాడు. ఏ ముక్క ఏ బండి ఎక్కిందో తెలియదు. మగ్గం మాత్రం ఊరేగింపులో నిలిచింది. ఇప్పుడు నేసేది ఖాతాల్లో పెరిగిన పిల్లవాడు. నూలు పున్నమి కోసమే గుంట మగ్గం నేర్చుకున్నాడు.

ఆ కూడలి దగ్గర ఊరేగింపు ఇప్పటికీ కుడికి తిరగదు, ఎడమకే తిరుగుతుంది. ఎందుకని అడిగితే గుడి అయ్యవారు ప్రదక్షిణ విధి అంటాడు. కుర్రవాళ్ళు ట్రాఫిక్ పోలీసుల ఆర్డరు అంటారు. అంకె తప్పు చెబితే ఎవరినీ వదలని దాన్ని, ఇక్కడ మాత్రం ఎవరినీ సరిదిద్దలేదు. ఆ గల్లీవాళ్ళు ముందురోజే వాకిళ్ళు కడిగి ముగ్గులేస్తారు. మగ్గం కర్రకు కట్టడానికి ఇంటింటా ఒక రాఖీ ఉంచుతారు. ట్రాలీ మలుపు తిరగగానే పిల్లాజెల్లా అరుగుల మీద నిలబడి చేతులు జోడిస్తారు. నేసే పిల్లవాడు మర్యాద తెలిసినవాడు. నాడె ఆపి, ఒక్కొక్కరికీ తిరిగి దండం పెడతాడు. పంచె ఏటేటా వెనకబడుతూనే ఉంది.

బాపమ్మ ఉండి ఉంటే, ఈపాటికి ఇంకో గల్లీ వెతికి ఉండేది.